అడగండి, చెబుతాం: ఈలండ్ జాడ

ప్రశ్న: ఆఫ్రికా ఈలండ్ (మనుబోతు లాంటి భారీ జంతువు) గంటకు 40 కిలోమీటర్లకు మించి ఉరకలేదంట. మరి వేటగాళ్లు పొద్దంతా జాడ పట్టి పోయినా ఎందుకు అందదు?
- ఒక పాఠకుడు, ఆదోని

జవాబు: దాని బలం ఉరుకులో లేదు, జోరు నడకలో ఉంది. గంటకు 20 కిలోమీటర్ల పైచిలుకు వేగంతో అలుపు లేకుండా గంటల తరబడి పోగలదు. ఒకసారి బెదిరిందంటే జింకలా కాస్త దూరం పోయి వెనక్కి తిరిగి చూడదు, మందంతా మైళ్లు దాటేస్తుంది. మనిషి వాసన గాలిలో అటు పోయిందా, ఆ రోజుకు వేట ముగిసినట్టే. బరువు చూస్తే 900 కిలోలు తూగే పోతులున్నాయి, అయినా రెండు మీటర్ల కంచె అవలీలగా దూకుతాయి.

జాడ పట్టేవాళ్లు గిట్ట గుర్తులతో పాటు కొమ్మలూ చూస్తారు. ఈలండ్ గడ్డి కంటే ఆకు ఎక్కువ తింటుంది, అందని రెమ్మలను కొమ్ములతో విరిచి కిందికి లాగుతుంది. విరిగిన రెమ్మకు ఆకు వాడకపోతే మంద దగ్గర్లోనే ఉన్నట్టు. పోతు నడుస్తుంటే ముందుకాళ్ల దగ్గర మెటికలు విరిచినట్టు శబ్దం వస్తుంది. గాలి లేనప్పుడు అది వందల మీటర్ల దూరం వినిపిస్తుంది. పోతు ఎంత పెద్దదైతే శబ్దం అంత గంభీరం.

ఎక్కువమంది పొరపడేది కొమ్ముల దగ్గర. ఆడదానికీ కొమ్ములుంటాయి, అవి సన్నగా, తరచుగా పోతు కొమ్ముల కంటే పొడవుగా ఉంటాయి. పొడవు చూసి పోతనుకుని గురిపెట్టినవాడు ఆడదాన్ని పడగొడతాడు. చూడాల్సింది గంగడోలు, మెడ లావు, నుదుటి మీద గుబురు వెంట్రుకలు. ముదురు పోతుకు మెడ మీద వెంట్రుక పలచబడి, లోపలి చర్మం నీలి బూడిద రంగులో కనిపిస్తుంది. గంగడోలు వల్ల ఛాతీ ఉన్నదానికన్నా కిందికి దిగినట్టుంటుంది కాబట్టి, దాని అంచును కొలతగా పెట్టుకుంటే తూటా గుండెకు కిందుగా పోతుంది.

ప్రశ్న: మన మనుబోతూ ఇదీ ఒకటేనా?
- ఒక పాఠకురాలు, ప్రొద్దుటూరు

జవాబు: కాదు, ఆవుల కుటుంబంలో దూరపు చుట్టాలు. మనుబోతు సాధారణంగా 300 కిలోలు దాటదు, ఆడదానికి కొమ్ములే ఉండవు.

ప్రశ్న: ఆఫ్రికాలో లైసెన్సు మీద వేటాడనిస్తారు కదా, ఇక్కడ చేలో పడే కృష్ణజింకకు ఆ వెసులుబాటు లేదా?
- ఒక రైతు, ఆలూరు

జవాబు: లేదు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూలు (అత్యధిక రక్షణ ఉన్న జాబితా) జంతువు. చంపితే 3 నుంచి 7 ఏళ్ల జైలు. పంట పోతే ఫొటోలు తీసి, వెంటనే అటవీ రేంజి కార్యాలయంలో నష్టపరిహారానికి అర్జీ పెట్టుకోండి. చేను కోసేశాక పెడితే చూపించడానికి ఏమీ మిగలదు.