ఇంటిగ్రిన్లు కణాలను అతికించే జిగురు మాత్రమేనా?

కాదు, కణాల పైపొరలో ఉండే ప్రోటీన్లైన ఇంటిగ్రిన్లు కణాన్ని చుట్టూ ఉన్న పదార్థానికి పట్టి ఉంచుతూనే లోపలికీ బయటికీ సంకేతాలు చేరవేస్తాయి.

కిటుకంతా వాటి నిర్మాణంలో ఉంది. ఒక్కోదానిలో ఆల్ఫా, బీటా అనే రెండు గొలుసులు జతగా ఉంటాయి (మనిషిలో ఇలాంటి జతలు 24 రకాలు). పెద్ద తల కణం బయట, పొట్టి తోకలు లోపల. మామూలుగా తల వంగి ఉంటుంది, పట్టు తక్కువ. లోపల టాలిన్ అనే ప్రోటీన్ బీటా తోకను పట్టుకోగానే జత నిటారుగా లేచి బయట గట్టిగా అతుక్కుంటుంది. అలా పట్టు దొరికాక తోకల దగ్గర ఎఫ్‌ఏకే వంటి ఎంజైములు పోగై, కణం కదలికనూ విభజననూ మనుగడనూ ప్రభావితం చేస్తాయి.

రక్తంలోని ప్లేట్‌లెట్లనే చూడండి. వాటి మీదుండే ఆల్ఫా-టూబీ బీటా-త్రీ ఇంటిగ్రిన్ గాయమైనప్పుడే తెరుచుకుని, రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ఫైబ్రినోజెన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. ఎప్పుడూ తెరిచే ఉంటే ప్రమాదం, రక్తనాళాల్లోనే గడ్డలు కడతాయి. పుట్టుకతో అది లోపిస్తే వచ్చే జబ్బు గ్లాంజ్‌మన్ థ్రాంబాస్థీనియా: ప్లేట్‌లెట్ కౌంట్ నార్మల్‌గానే ఉంటుంది, రక్తం మాత్రం త్వరగా ఆగదు.

సంకేతాలు పంపుతుంది కాబట్టి ఇంటిగ్రిన్ కూడా ఒక ఎంజైమే అనుకుంటారు చాలామంది. దాని తోకలకు ఆ శక్తి లేదు. పని చేసేది అక్కడ చేరిన ఇతర ప్రోటీన్లే.