తిమింగలాలను లెక్కపెట్టేది ఎవరి డబ్బు?

చిరంజీవికి,

నీ వ్యాసం చేరింది. బాస్టన్‌లో చదువుకుంటూ, అక్కడి సముద్రంలో తిరిగే నార్త్ అట్లాంటిక్ రైట్ వేల్ అనే తిమింగలం గురించి తెలుగులో రాయాలని నీకు అనిపించడమే నాకు ముచ్చటేసింది. మన పత్రికల్లో తిమింగలం అంటే శ్రీకాకుళం తీరానికి కొట్టుకొచ్చిన కళేబరం, దాని పక్కన సెల్ఫీలు దిగే జనం, ఒక ఫొటో, నాలుగు లైన్లు. అక్కడితో సరి.

స్నో కోన్ అనే ఆ తల్లి గురించి రాసిన భాగంలో ఒక్క మాట కూడా మార్చకు. 2020లో పడవలు తగిలి పిల్ల పోయింది. 2021 డిసెంబర్‌లో ఒంటికి తాళ్లు చుట్టుకునే ఉండగా ఇంకో పిల్లతో కనిపించింది. 2022 సెప్టెంబర్‌లో బక్కచిక్కి, మళ్లీ కొత్త తాళ్లలో చిక్కుకుని, పక్కన పిల్ల లేకుండా కనిపించింది. ఇవి వరసగా చెప్పి ఊరుకున్నావు, ఏడుపు కలపలేదు. అదే దాని బలం.

నా పేచీ అంతా చివరి పేజీతోనే. "మనిషి దురాశకు బలైపోతున్న మూగజీవి" అని ముగించావు. ఏ మనిషమ్మా? అందరి మీదా వేసిన నింద ఎవరి మీదా పడదు. పాఠకుడు అయ్యో అనుకుని పేజీ తిప్పేస్తాడు. నీ కథలో మనుషులున్నారు, తేదీలున్నాయి, సంతకాలున్నాయి. వాటిని నువ్వు వెతకలేదు, అంతే.

2022 జూలైలో ఒక ఫెడరల్ జడ్జి, లాబ్‌స్టర్ (పెద్ద రొయ్యలాంటి సముద్ర జీవి) వేటకు వాడే తాళ్ల మీద ప్రభుత్వం పెట్టిన నిబంధనలు ఈ తిమింగలాన్ని కాపాడటానికి చాలవని తీర్పిచ్చాడు. కొత్త నిబంధనలకు 2024 డిసెంబర్ దాకా గడువిచ్చాడు. ఆ గడువు రాకముందే, 2022 డిసెంబర్ చివర్లో, అమెరికా కాంగ్రెస్ ఆ ఏడాది ఖర్చుల బిల్లు పాస్ చేసింది. మొత్తం 4,155 పేజీలు, సుమారు 1.7 లక్షల కోట్ల డాలర్లు. సైన్యం, ఆసుపత్రులు, ఉక్రెయిన్‌కు సాయం, అన్నీ అందులోనే. ఆ బిల్లుకో తోక తగిలించారు: 2028 డిసెంబర్ 31 దాకా పాత నిబంధనలే చాలినట్టు లెక్క. కోర్టు చాలవంది, ఖర్చుల బిల్లు చాలునంది. ఆ ఒక్క తోక కోసం బిల్లు మొత్తాన్ని ఓడించే ధైర్యం ఎవరికుంటుంది? ఓడిస్తే ప్రభుత్వమే మూతపడుతుంది.

ఇక్కడో జాగ్రత్త. దీనికి పార్టీ రంగు పూయాలని చెయ్యి లాగుతుంది, పూయకు. అప్పుడు రెండు సభలూ డెమోక్రాట్ల చేతిలో ఉన్నాయి, సంతకం చేసింది బైడెన్. ఆ తోక కోసం పట్టుబట్టిన మెయిన్ రాష్ట్ర ప్రతినిధుల్లో రిపబ్లికన్ సుసాన్ కాలిన్స్ ఉంది, ఏ పార్టీకీ చెందని ఆంగస్ కింగ్ ఉన్నాడు, డెమోక్రాట్లూ ఉన్నారు. అంతరించే జీవుల రక్షణ చట్టం మీద 1973లో సంతకం చేసింది రిపబ్లికన్ నిక్సన్. 35 అడుగుల పైబడిన పడవలకూ వేగ పరిమితి పెడదామని 2022లో తెచ్చిన ప్రతిపాదనను 2025 జనవరిలో, దిగిపోయే ముందు, వెనక్కి తీసుకున్నది కూడా బైడెన్ ప్రభుత్వమే. తిమింగలానికి ఓటు లేదు, లాబ్‌స్టర్ పట్టేవాడికి ఉంది. అమెరికా రాజకీయమైనా ఆత్మకూరు రాజకీయమైనా నడిచేది అలాగే.

ఆ లాబ్‌స్టర్ పట్టేవాణ్ణి కూడా విలన్‌ని చేయకు. వీలైతే మెయిన్ వెళ్లి ఏదో ఒక రేవులో పొద్దున్నే నిలబడు. సముద్రం అడుగున బోను, పైన తేలే బెండు, రెండింటికీ మధ్య నిలువుగా ఒక తాడు. ఆ తాడే తిమింగలానికి ఉరి, ఆయనకు కూడు. తాడు లేని బోనులు వస్తున్నాయి, కానీ వాటికయ్యే ఖర్చు మాటెత్తితే పడవ అప్పుల్లో ఉన్నవాడు ఏమంటాడో నువ్వే విను. చాలా ఏళ్లుగా వాళ్ల వాదన ఒక్కటే: "మా మెయిన్ రాష్ట్రపు తాడు వల్ల ఒక్క రైట్ వేల్ చచ్చినట్టు రుజువు చూపించండి." అది అబద్ధం కాదు. 2024 దాకా రుజువు నిజంగానే లేదు.

ఎందుకు లేకపోయింది? నీ వ్యాసానికి వెన్నెముక కావలసింది ఈ ప్రశ్నే.

1990 నుంచి 2017 దాకా చనిపోయిన రైట్ వేల్స్‌లో 36 శాతం మాత్రమే ఎవరి కంటైనా పడ్డాయని 2021లో వచ్చిన ఒక అధ్యయనం తేల్చింది. మిగతావి ఎప్పుడు పోయాయో, దేనివల్ల పోయాయో తెలియదు. కంటబడిన వాటికి చుట్టుకున్న తాడు కూడా ఎవరిదో చాలాసార్లు తేలేది కాదు, తాడుకు పేరు ఉండదు కదా. 2020 నుంచి మెయిన్ రాష్ట్రపు తాళ్ల మీద ఊదా రంగు గుర్తులు ఉండాలన్న నియమం వచ్చింది. 2024 జనవరిలో మసాచుసెట్స్‌లోని మార్తాస్ విన్‌యార్డ్ ద్వీపానికి ఒక చిన్న వయసు ఆడ తిమింగలం కళేబరం కొట్టుకొచ్చింది. తోక మొదట్లో తాడు కండలోకి దిగిపోయి ఉంది. దాన్ని కోసి తీసి చూస్తే ఊదా రంగు. రుజువు దొరికింది. దొరికింది ఎవరో కొత్త నియమం పెట్టి, దాన్ని అమలు చేయించి, కళేబరం దగ్గరికి మనుషుల్ని పంపడానికి డబ్బిచ్చారు కాబట్టి.

ఇప్పుడు దీన్ని ఇంకో తీర్పు పక్కన పెట్టి చూడు. 2023 జూన్‌లో అప్పీల్ కోర్టు లాబ్‌స్టర్ సంఘం వైపు మొగ్గింది. అనుమానం ఉన్నచోట అన్నిటికన్నా చెడ్డ అంచనాను పట్టుకుని జీవికి అనుకూలంగా లెక్క వేసే హక్కు ప్రభుత్వ సంస్థకు లేదంది. చట్టం చదివితే ఆ తీర్పు మరీ వింతేమీ కాదు. కానీ దాని పర్యవసానం చూడు. అనుమానం ఎంత ఎక్కువైతే నిబంధన అంత బలహీనం. అనుమానం తగ్గాలంటే సర్వే విమానం ఎగరాలి, ఫొటో తీయాలి, కళేబరాన్ని కోసి చూడాలి. వాటికి డబ్బు ఆపితే అనుమానం దానంతట అదే పెరుగుతుంది. తర్వాత అదే అనుమానాన్ని చూపించి "ఇంకా సైన్స్ తేలలేదు" అంటారు. జీవిని చంపమని ఎవరూ రాయనక్కర్లేదు, లెక్కపెట్టే జీతగాణ్ణి ఇంటికి పంపితే చాలు.

ఈ కోణంలో చూడటం మొదలుపెడితే పాత కథలు కూడా వేరేగా కనిపిస్తాయి. 1948 నుంచి 1973 దాకా సోవియట్ నౌకలు చంపి, అంతర్జాతీయ తిమింగల కమిషన్‌కు చెప్పకుండా దాచిన తిమింగలాలు సుమారు 1.8 లక్షలు. కమిషన్ కోటాలు వేసింది ఆ దొంగ లెక్కల మీదే. దేశం కూలిపోయాక, ఆ నౌకల మీద పనిచేసిన శాస్త్రవేత్తలు దాచిన అసలు పుస్తకాలు బయటికొస్తేనే ప్రపంచానికి తెలిసింది. అదే కమిషన్‌లో 2006లో వేట నిషేధం ఇక అవసరం లేదన్న తీర్మానం 33-32తో, ఒక్క ఓటు తేడాతో నెగ్గింది. జపాన్ నుంచి చేపల రేవులకు సాయం అందుకుంటున్న చిన్న చిన్న ద్వీప దేశాలు ఎటు చెయ్యెత్తాయో ఓటింగ్ పట్టిక చూస్తే తెలుస్తుంది. నిషేధం ఎత్తేయడానికి నాలుగింట మూడొంతుల మెజారిటీ కావాలి కాబట్టి తిమింగలాలు బతికిపోయాయి. 2019లో జపాన్ కమిషన్ నుంచే బయటికొచ్చి తన సముద్రంలో వేట మొదలుపెట్టింది. ఇదంతా నీ వ్యాసంలో ఇరికించకు, పక్కదారి పడతావు. ఎప్పుడైనా విడిగా రాయి.

ఇరికించదగ్గది మాత్రం ఒకటుంది. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత కొన్నాళ్లు ఓడల రాకపోకలు తగ్గాయి. కెనడాలోని బే ఆఫ్ ఫండీలో నీటి అడుగున శబ్దం 6 డెసిబెల్స్ పడిపోయింది. ఆ రోజుల్లో రైట్ వేల్స్ పేడలో ఒత్తిడి హార్మోన్లు కూడా తగ్గాయి. ఓడల చప్పుడు వాటికి టెన్షన్ పెడుతోందని అలా తెలిసింది. ఆ పేడ సేకరించే పని ఆ ఏడాది అప్పటికే నడుస్తోంది కాబట్టి తెలిసింది. ఎవరి గ్రాంటుతో నడిచిందో, ఇప్పుడు అలాంటి పనికి ఎవరిస్తున్నారో వెళ్లి అడుగు. రైట్ వేల్స్ తల మీది గరుకు మచ్చల్ని బట్టి ఒక్కొక్కదాన్నీ గుర్తుపట్టి నంబరు వేసే కేటలాగ్‌ను చూసుకునేది నీ ఊళ్లోని న్యూ ఇంగ్లండ్ అక్వేరియమే. ప్రపంచం మొత్తం మీద 400 లోపే మిగిలాయని నువ్వు రాసిన అంకె అక్కడి ఫొటోల నుంచే వచ్చింది. ఆ అంకె ముందు "శాస్త్రవేత్తల ప్రకారం" అని పెట్టి వదిలేశావు. ఏ డబ్బుతో, ఏ విమానంలోంచి, ఏడాదికి ఎన్ని రోజులు చూసి లెక్క కట్టారో ఒక పేరా రాస్తే ఆ అంకెకు ప్రాణం వస్తుంది.

డబ్బు వార్తలు చదివేటప్పుడు ఒకటి గుర్తుంచుకో. అమెరికాలో ఒక పనికి ఇంత దాకా ఖర్చు చేయవచ్చని చట్టంలో రాసుకోవడం వేరు, ఆ ఏడాది నిజంగా డబ్బివ్వడం వేరు. 2022 బిల్లు తోకలో కొత్త రకం బోనులకు గ్రాంట్లు ఇస్తామన్న మాట కూడా ఉంది. దాన్నే ఇచ్చేసినట్టు రాసినవాళ్లున్నారు. ప్రతి ఏడాదీ ఎంత వచ్చిందో విడిగా చూడాలి. రైట్ వేల్స్ కోసం 2023లో ప్రకటించిన 8.2 కోట్ల డాలర్లు వేరే చట్టం నుంచి, ఒక్కసారికి వచ్చినవి. ఒక్కసారి వచ్చిన డబ్బుతో పరికరాలు కొనొచ్చు, పదేళ్ల జీతాలు ఇవ్వలేం. పైగా అక్కడి ఆర్థిక సంవత్సరం అక్టోబర్ 1న మొదలవుతుంది, తిమింగలాలు జార్జియా, ఫ్లోరిడా తీరాలకు పిల్లలు పెట్టడానికి నవంబర్ నుంచి వస్తాయి. బడ్జెట్ గొడవలు కూడా సరిగ్గా అప్పుడే. 2018 డిసెంబర్ 22 నుంచి 35 రోజులు ప్రభుత్వం మూతపడింది కదా, అది వాటి కాన్పుల కాలం.

ఇదంతా అమెరికా జబ్బే అనుకునేవు. మన కలివికోడి అనే పిట్ట సంగతి చూడు. 1900 తర్వాత ఎవరికీ కనిపించలేదు, పోయిందనుకున్నారు. బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు పనిగట్టుకుని వెతికించాక, 1986 జనవరిలో కడప జిల్లా లంకమల దగ్గర ఊళ్లో ఒకాయన రాత్రిపూట టార్చి వెలుతురులో పట్టుకున్నాడు. తర్వాత అక్కడే తెలుగుగంగ కాలువ. సాగునీటి కాలువ ముందు రాత్రిళ్లు మాత్రమే తిరిగే పిట్ట ఏపాటి? "అసలు ఉందా అది?" అన్నదే మొదటి ప్రశ్న. పొదల మధ్య మెత్తని మట్టి పరిచి, తెల్లారాక దాని మీద పడిన కాలి గుర్తులు చూసి, ఇది కలివికోడి, ఇది కాదు అని తేల్చిన పరిశోధకుల వల్లే దానికి జవాబు ఉంది. కాలువ దారి మళ్లింది. ఆ మట్టి పరిచే పని ఆగితే మళ్లీ "అసలు ఉందా?" దగ్గరికే వస్తాం.

ఎప్పుడైనా మన అడవుల మీద రాస్తే, మంత్రిగారి ప్రకటన పక్కన పెట్టి బడ్జెట్ పుస్తకంలో అటవీ శాఖ పద్దు తియ్యి. అంచనా, సవరించిన అంచనా, నిజంగా అయిన ఖర్చు, ఈ మూడూ ఒక వరసలో రాసుకో. మూడూ ఒకే ఏడాదివి ఒకే పుస్తకంలో దొరకవు, వరసగా మూడేళ్ల పుస్తకాలు తిరగేయాలి. విసుగే, తప్పదు. తర్వాత డివిజన్ ఆఫీసుకెళ్లి "ఎంత కేటాయించారు" అనకు, "బీఆర్ఓ వచ్చిందా" అని అడుగు. కేటాయింపు కాగితం మీద ఉంటుంది, బడ్జెట్ రిలీజ్ ఆర్డర్ వస్తేనే పైసా కదిలేది. ఆ మాట వాడితే ఎదుటి గుమస్తా నీకు కుర్చీ చూపిస్తాడు. బేస్ క్యాంపులో ఉండే వాచర్లకు జీతం ఏ నెల దాకా వచ్చిందో మాత్రం వాచర్లనే అడగాలి, ఆఫీసులో కాదు.

ఇక నీ వ్యాసానికొస్తే, మొదటి పేజీలో సముద్రం వర్ణన సగానికి కొట్టెయ్యి. స్నో కోన్‌తో మొదలుపెట్టి, ఊదా రంగు తాడు దగ్గరికి తీసుకెళ్లి, అక్కడి నుంచి 4,155 పేజీల్లోకి దిగు. ఆ బిల్లు ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. ఆ తోకను వార్తల్లో కాదు, బిల్లులోనే చదువు. అర్థం కాని వాక్యం ఉంటే అలాగే నాకు పంపు, ఇద్దరం కలిసి కుస్తీ పడదాం.

2028 డిసెంబర్ 31 నీ క్యాలెండర్‌లో వేసుకో. పొడిగించే ప్రయత్నం జరిగితే అది అంతకు ముందే, ఏదో ఒక ఖర్చుల బిల్లులోనే కనిపిస్తుంది. కాబట్టి ఏటా సెప్టెంబర్ నుంచి కన్నేసి ఉంచు. ఏ పత్రికకు రాస్తావో ఆ ఎడిటర్‌కి 2028 వేసవిలోనే చెప్పి పేజీ అడిగి పెట్టుకో, డిసెంబర్‌లో అడిగితే సంక్రాంతి ప్రత్యేక సంచిక అంటారు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు