ఉత్తీర్ణత శాతం చూసి బడిని ఎంచుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మాయి వచ్చే విద్యా సంవత్సరం తొమ్మిదో తరగతిలో చేరాలి. ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలోనే ప్రభుత్వ ఉన్నత పాఠశాల ఉంది. అక్కడ ఉత్తీర్ణత 95 శాతమని బడివారు చెబుతున్నారు. చదువు అంతంత మాత్రమేనని బంధువులు అంటున్నారు. చదువు ఎలా ఉందో తల్లిదండ్రులు స్వయంగా తెలుసుకునే మార్గం ఏదైనా ఉందా? — ఒక తల్లి

జవాబు: ఆ 95 శాతం నిజమే కావచ్చు. అయితే అది ఎందరిలో 95 శాతమో ముందు అడగండి. తొమ్మిదో తరగతిలో 60 మంది చేరి, మధ్యలో కొందరు బడి మానేసి, మరికొందరిని ‘మీవాడు ఈసారి నెగ్గలేడు’ అని వెనక్కి ఆపేసి, చివరికి 40 మందే పరీక్షకు కూర్చుని, వారిలో 38 మంది ఉత్తీర్ణులైతే, బడి 95 శాతమని చెప్పుకోవచ్చు. చేరినవారి లెక్కన చూస్తే అది దాదాపు 63 శాతమే. కాబట్టి చేరినవారెందరు, పరీక్ష రాసినవారెందరు అన్న రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడాలి. ఒక్క ఏడాది ఫలితాన్ని బట్టి కూడా నిర్ణయానికి రావద్దు. 20 మంది ఉన్న తరగతిలో ఒక్కరు తప్పితే ఉత్తీర్ణత 5 శాతం పడిపోతుంది కనుక, నాలుగైదేళ్ల ఫలితాలను కలిపి చూడడం మేలు.

ఇంతకంటే లోతైన చిక్కు మరొకటి ఉంది. మంచి మార్కులలో బడి వాటా ఎంత, ఇంటి వాటా ఎంత అన్నది సగటు మార్కులు చెప్పలేవు. అమెరికాలో సామాజిక శాస్త్రవేత్త జేమ్స్ కోల్‌మన్ నేతృత్వంలో లక్షలాది విద్యార్థులను పరిశీలించి 1966లో వెలువరించిన నివేదిక, పిల్లల చదువులో కనిపించే తేడాలకు బడిలోని వసతులకన్నా కుటుంబ నేపథ్యంతోనే ఎక్కువ సంబంధం ఉందని తేల్చింది. బడి ప్రభావం ఏమీ లేదని దీని అర్థం కాదు. చదువుకున్న ఇళ్ల పిల్లలను ఏరి చేర్చుకున్న బడికి పెద్ద సగటు రావడంలో విశేషం లేదని మాత్రమే అర్థం. అందుకే ఇంగ్లండులో 2016 నుంచి ‘ప్రోగ్రెస్ 8’ అనే కొలమానాన్ని ప్రవేశపెట్టారు. 11 ఏళ్ల వయసులో ఒకే స్థాయిలో ఉన్న పిల్లలు 16 ఏళ్లకు ఎక్కడికి చేరారో పోల్చి, బడి వారిని ఎంత ముందుకు నడిపిందో అది లెక్కగడుతుంది. అలాంటి లెక్క మీకు అందుబాటులో లేకపోయినా అదే ప్రశ్నను మీరు అడగవచ్చు: ‘చేరేటప్పుడు లెక్కల్లో వెనకబడిన పిల్లలు ఏడాది తిరిగేసరికి ఎలా ఉన్నారు?’ ప్రథమ స్థానాలు పొందినవారి ఫొటోలు చూపించి ఈ ప్రశ్నను దాటవేసే బడి గురించి కాస్త ఆలోచించుకోవాల్సిందే.

కాగితాల మీది అంకెల తర్వాత చూడాల్సింది నోటు పుస్తకాలు. నా దృష్టిలో వీటిని మించిన సాక్ష్యం లేదు. ఆ బడిలో చదువుతున్న పిల్లలు మీ వీధిలో ఉంటే, వాళ్ల లెక్కల పుస్తకం, సైన్సు పుస్తకం అడిగి తిరగేయండి. ప్రతి పేజీలోనూ ఎర్ర సిరాతో ఒక టిక్కు, కింద ఒక పొట్టి సంతకం తప్ప మరేమీ లేకపోతే, పుస్తకం దిద్దారే గాని చదవలేదన్నమాట. అలా కాక, తప్పు మొదలైన మెట్టు దగ్గరే గుర్తు పెట్టి, దాని కిందే పిల్లవాడు ఆ లెక్కను మళ్లీ చేసి ఉంటే, అక్కడ ఎవరో శ్రద్ధగా పాఠం చెబుతున్నారు. ఇద్దరు పిల్లల సైన్సు జవాబులు అక్షరం పొల్లుపోకుండా ఒకేలా ఉంటే, బోర్డు మీది జవాబు ఎక్కించుకోవడమే అక్కడ చదువని అనుమానించవచ్చు. బడి సొంతంగా తయారు చేసిన పాత ప్రశ్నపత్రం దొరికితే అదీ చూడండి. నిర్వచనాలు రాయమనే ప్రశ్నలే ఉన్నాయా, పాఠంలో లేని కొత్త సందర్భానికి నేర్చుకున్న సూత్రాన్ని వర్తింపజేయమనేవి కూడా ఉన్నాయా?

ఉపాధ్యాయుల విషయంలో డిగ్రీల జాబితా కన్నా, ఏ సబ్జెక్టుకు ఎంతకాలంగా ఖాళీ ఉందన్నది ముఖ్యం. భౌతికశాస్త్రం చెప్పేవారు లేక ఏడాదంతా మరొకరు సర్దుకుపోతున్న బడిలో ప్రయోగశాల ఎంత బాగున్నా ప్రయోజనం తక్కువ. భవనం, గేటు, రంగులు ఎలాగూ కంటబడతాయి. వాటి గురించి చెప్పేదేమీ లేదు.

ఇక మీ బంధువుల మాట సంగతి. వారి పిల్లలు అక్కడ ఎప్పుడు చదివారో కనుక్కోండి. ప్రధానోపాధ్యాయుడు, ఇద్దరు ముగ్గురు మంచి మాస్టర్లు మారితే బడి ఐదేళ్లలో గుర్తుపట్టలేనంతగా మారిపోతుంది, మంచికైనా చెడుకైనా. ప్రస్తుతం అక్కడ చదువుతున్న పిల్లల తల్లిదండ్రులను, అందులోనూ మార్కులు మధ్యస్థంగా వచ్చే పిల్లల తల్లిదండ్రులను అడిగితే అసలు సంగతి తెలుస్తుంది. మీరు బడికి వెళ్లేటప్పుడు వార్షికోత్సవం నాడు కాక, ముందుగా అనుమతి తీసుకుని మామూలు పనిదినాన మధ్యాహ్నం పూట వెళ్లండి.