విదేశం వెళ్ళొచ్చాక మీరు ఫోన్ వాడే తీరు ఏమైనా మారిందా?

మారింది. మంచులో తీసిన ఒక చిన్న వీడియోతో మొదలైంది.

నేను ఖమ్మం జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూల్ సోషల్ టీచరుగా పనిచేసి 2024లో రిటైరయ్యాను. మా అమ్మాయి జర్మనీలోని లైప్‌జిగ్‌లో ఎం.ఎస్. చదువుతోంది. 2025 జనవరిలో తన దగ్గరికి వెళ్ళాను. విజిట్ వీసా మీద తొంభై రోజులకు మించి ఉండనివ్వరు కాబట్టి మార్చి చివర్లో తిరిగొచ్చాను.

వెళ్ళిన కొద్ది రోజులకే మంచు పడింది. మంచు కళ్ళారా చూడడం నాకు అదే మొదటిసారి. ఇంటి పక్క పార్కులో చిన్న దిబ్బ మీద నుంచి పిల్లలు చెక్కబళ్ళ మీద కేరింతలు కొడుతూ జారుతున్నారు. చూస్తుంటే మనసు ఆగలేదు. వీడియో తీసి స్టేటస్‌లో పెట్టాను, మా కుటుంబం గ్రూపులో కూడా పంపాను.

సాయంత్రం ఎదురింటి పెద్దావిడ తలుపు తట్టింది. ఆ పిల్లల్లో ఆవిడ మనవడు ఉన్నాడు. కోపంగా ఏమీ లేదు. "మా వాడు అందులో ఉంటే దయచేసి తీసేస్తారా? వాళ్ళ అమ్మను అడగలేదు కదా" అని మా అమ్మాయి ద్వారా చెప్పించింది. మన దగ్గర పిల్లాడికి ఫొటో తీస్తే తల్లి మురిసిపోతుంది, జుట్టు దువ్వి మరీ నిలబెడుతుంది. అందుకే మొదట నాకు మనసు చివుక్కుమంది. వెంటనే తీసేశాను. కానీ అప్పటికే మా తమ్ముడు దాన్ని ఇంకో గ్రూపులోకి పంపేశాడు. అక్కడి నుంచి ఎవరెవరి ఫోన్లలోకి వెళ్ళిందో ఎవరూ చెప్పలేరు. ఆ సంగతి ఆవిడకు చెప్పక తప్పలేదు. చెప్పాను. ఆవిడ కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రేపు కాఫీకి రండి" అంది.

అక్కడ మనిషి బొమ్మను అతని అనుమతి లేకుండా నలుగురిలో పెట్టకూడదని 1907 నుంచే చట్టం ఉంది. దాని వెనక కథ నాకు చాలా ఆశ్చర్యంగా అనిపించింది. 1898లో, జర్మనీని ఏకం చేసిన నాయకుడు బిస్మార్క్ చనిపోయిన రాత్రి ఇద్దరు ఫొటోగ్రాఫర్లు దొంగచాటుగా ఇంట్లో దూరి శవానికి ఫొటో తీశారు. అమ్ముకోవాలని చూశారు. ఆ గొడవ కోర్టుకెక్కింది, చివరికి చట్టం దాకా వెళ్ళింది. జర్మనీ ఏకీకరణ పాఠంలో బిస్మార్క్ గురించి ముప్ఫై ఏళ్ళు పాఠం చెప్పాను, ఈ ముక్క మాత్రం నాకు తెలియదు.

మర్నాడు కాఫీ దగ్గర ఆవిడ తన కథ చెప్పింది. లైప్‌జిగ్ కమ్యూనిస్టు పాలనలోని తూర్పు జర్మనీలో ఉన్న రోజుల్లో ఆవిడ నర్సు. అప్పటి రహస్య పోలీసు విభాగం పేరు స్టాజీ. 1989 నాటికి అందులో సుమారు 91 వేల మంది ఉద్యోగులు. వాళ్ళు కాక, పక్కింటివాళ్ళ గురించి, తోటి ఉద్యోగుల గురించి, ఒక్కోసారి కట్టుకున్నవాళ్ళ గురించే చెప్పే ఇన్ఫార్మర్లు ఇంకో లక్షా ఎనభై వేలకు పైగా. దేశ జనాభా చూస్తే కోటీ అరవై లక్షలు. బెర్లిన్ గోడ కూలి, రెండు జర్మనీలూ ఒకటయ్యాక చట్టం చేసి, 1992 జనవరి నుంచి ఎవరి ఫైలు వాళ్ళు చదువుకోవచ్చన్నారు. నాశనం కాకుండా మిగిలిన కాగితాలను వరసగా పేరిస్తే 111 కిలోమీటర్లట. ఖమ్మం నుంచి వరంగల్ దాకా దాదాపు అంత దూరం ఉంటుంది.

ఆవిడా తన ఫైలు తెప్పించుకుంది. అందులో దేశ రహస్యాలేవీ లేవు. ఏ రాత్రి ఎన్ని గంటలకు లైటు ఆర్పింది, ఆదివారం ఎవరు వచ్చారు, ఎవరికి కేకు చేసి పెట్టింది, పశ్చిమ జర్మనీలో ఉన్న పిన్నికి ఉత్తరంలో ఏం రాసింది. అవన్నీ రాసింది ఆవిడతో కలిసి చర్చిలో పాటలు పాడే స్నేహితురాలు. "దాచుకోవడానికి నా దగ్గర అప్పుడూ ఏమీ లేదు, ఇప్పుడూ లేదు. కానీ ఆ కేకు నాది" అంది ఆవిడ. అమ్మాయి తెలుగులో చెబుతూ అక్కడ ఆగిపోయింది.

ఆ వారంలోనే ఆవిడే మమ్మల్ని ఊరి మధ్యలో ఉన్న పాత స్టాజీ ఆఫీసుకు తీసుకెళ్ళింది. గుండ్రటి మూల ఉన్న పెద్ద భవనం, ఇప్పుడు మ్యూజియం. 1989 డిసెంబరు 4న, ఫైళ్ళు తగలబెట్టేస్తున్నారని తెలిసి, ఊరి జనమే వెళ్ళి దాన్ని స్వాధీనం చేసుకున్నారు. ఉత్తరాలను ఆవిరితో తెరిచే యంత్రాలు, మారువేషాలకు విగ్గులు, గాజు సీసాల్లో మనుషుల ఒంటి వాసన పట్టించిన గుడ్డముక్కలు చూశాను. కరపత్రం దొరికితే ఎవరిదో కుక్కతో పసిగట్టించడానికి ఆ గుడ్డలు. అక్కడికి కొద్ది నడకలో నికోలాయ్ చర్చి ఉంది. సోమవారం ప్రార్థనలు అయ్యాక జనం ప్రభుత్వానికి వ్యతిరేకంగా అక్కడి నుంచే ఊరేగింపుగా బయల్దేరేవాళ్ళు. 1989 అక్టోబరు 9న సుమారు 70 వేల మంది వీధుల్లోకి వచ్చారు, ఒక్క తుపాకీ పేలలేదు. సరిగ్గా నెలకు బెర్లిన్ గోడ తెరుచుకుంది. ఆ 70 వేల మందిలో ఆవిడా ఉంది.

ఇది విన్నాక అక్కడివాళ్ళకు నగదంటే ఎందుకంత పట్టింపో కూడా అర్థమైంది. అక్కడ మా వీధి చివర బేకరీలో కార్డు తీసుకోరు, ఫోను తీసుకోరు, నోట్లూ చిల్లరే. మన ఊళ్ళో మిర్చి బజ్జీల బండికి కూడా స్కాన్ చేసి కట్టేసే నాకు మొదట్లో చిరాకేసింది. మన యూపీఐ గొప్ప సౌకర్యం, ఆ మాట నేను వెనక్కి తీసుకోను. 2025 జనవరి ఒక్క నెలలోనే దాదాపు 1,700 కోట్ల చెల్లింపులు జరిగాయి. కానీ ఎవరు ఏం కొన్నారో నోటు రాసిపెట్టుకోదని ఆవిడ అన్నప్పుడు, నేను ఎదురు చెప్పలేకపోయాను.

నాకు ఎక్కువగా గుర్తున్నది మాత్రం ఎన్నికల రోజు. నేను ఉండగానే ఫిబ్రవరి 23న పార్లమెంటు ఎన్నికలు జరిగాయి. నేను 2018లో, 2019లో, 2023లో ఎన్నికల డ్యూటీ చేసినదాన్ని. డిస్ట్రిబ్యూషన్ సెంటర్లో మిషన్లు తీసుకుని, బస్సెక్కి, ముందు రాత్రే ఊరి బడికి చేరి, బెంచీల మీద పడుకుని, తెల్లారకముందే మాక్ పోల్‌కు సిద్ధమవడం నాకు బాగా తెలుసు. అందుకే అక్కడ ఎలా చేస్తారో చూడాలని ఉబలాటం. అక్కడ సాయంత్రం ఆరింటికి పోలింగ్ ముగియగానే అదే గదిలో లెక్కింపు మొదలవుతుంది. ఎవరైనా వచ్చి చూడొచ్చు, పాస్ అక్కర్లేదు. విదేశీయురాలినైన నన్నూ ఎవరూ ఆపలేదు. బల్లలు దగ్గరికి జరిపి, పెట్టెలోని కాగితాలు కుమ్మరించి, పార్టీల వారీగా కుప్పలు పెట్టి చేత్తో లెక్కపెట్టారు.

మిషన్లు ఎందుకు లేవని అడిగాను. 2005 ఎన్నికల్లో కొన్నిచోట్ల వాడారట. 2009 మార్చిలో వాళ్ళ రాజ్యాంగ న్యాయస్థానం వాటి వాడకం చెల్లదని తీర్పిచ్చింది. మోసం జరిగిందని కాదు. ఓటు వేయడం, లెక్కించడం సరిగ్గా జరిగాయో లేదో ఏ సాంకేతిక జ్ఞానమూ లేని మామూలు పౌరుడు కూడా సరిచూసుకునేలా ఉండాలన్నది వాళ్ళ కారణం. మన దగ్గరా కాగితం తిరిగి రావాలని నేను అనడం లేదు. బ్యాలెట్ పెట్టెల్లో ఇంకు పోసిన రోజులు, పోలింగ్ బూత్‌లు ఆక్రమించుకున్న రోజులు మా సీనియర్లు కథలుగా చెప్పేవారు. 2024లో మన ఓటర్లు దాదాపు 97 కోట్లు. మన లెక్క వేరు. కానీ ఆ గది మూల కుర్చీలో కూర్చుని నేను చూసింది ఇది: ప్రభుత్వాన్ని ఎన్నుకునే పని తలుపులు తెరిచి చేస్తున్నారు, మంచులో జారే పిల్లాడి మొహాన్ని మాత్రం తలుపు వేసి కాపాడుకుంటున్నారు. మన దగ్గర ఈ రెండూ తారుమారు అవుతున్నాయేమోనని అనుమానం వచ్చింది. ఆఫీసులో ఫైలు ఎక్కడ ఆగిందో చెప్పమంటే చెప్పరు. మన ఆధార్ జిరాక్సు మాత్రం సిమ్ కొన్నచోటా, లాడ్జిలోనూ, కొరియర్ కౌంటరు దగ్గరా పడి ఉంటుంది.

మనకూ హక్కు లేకపోలేదు. పుట్టస్వామి కేసులో 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిది మంది జడ్జీలతో గోప్యత ప్రాథమిక హక్కేనని చెప్పింది. 2024లో హైదరాబాద్‌లో ఫోన్ ట్యాపింగ్ కేసు నమోదైనప్పుడు మా స్టాఫ్‌రూమ్‌లో అందరం ఏ పార్టీకి లాభం, ఏ పార్టీకి నష్టం అనే మాట్లాడుకున్నాం. విన్నారని చెబుతున్న ఆ మాటలు ఎవరివో, ఆ మనుషులకు ఎలా ఉంటుందో ఒక్కరం కూడా అనుకోలేదు. నేనూ అనుకోలేదు.

తిరిగొచ్చాక చేసినవి చిన్న పనులే. బిల్లింగ్ కౌంటర్లో ఫోన్ నంబరు అడిగితే "ఎందుకమ్మా?" అంటున్నాను. చాలాసార్లు "అవసరం లేదులెండి మేడమ్" అని వాళ్ళే వదిలేస్తున్నారు. ఆధార్ చివరి నాలుగు అంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ డౌన్‌లోడ్ చేసుకున్నాను. జిరాక్సు ఇవ్వక తప్పకపోతే దాని మీద ఏ పనికో, ఏ తేదీనో రాసి సంతకం పెడుతున్నాను. కేంద్ర టెలికాం శాఖ వారి సంచార్ సాథీ వెబ్‌సైట్లో నా పేరు మీద ఎన్ని సిమ్‌లు ఉన్నాయో చూస్తే, నాది కాని నంబరు ఒకటి కనిపించింది. నాది కాదని అక్కడే రిపోర్ట్ చేశాను. మీరూ ఒకసారి చూసుకోండి, ఐదు నిమిషాల పని.

ఒక పని మాత్రం చిన్నది కాదు. 2019లో పదో తరగతి ఫలితాలు వచ్చిన రోజు మా స్కూలు రిజల్టు నేనే ఊరి వాట్సాప్ గ్రూపులో పెట్టాను. పాసైనవాళ్ళ గ్రేడ్లతో పాటు, ఫెయిలైన ముగ్గురి పేర్లు, ఏ సబ్జెక్టో కూడా రాశాను. పారదర్శకంగా ఉండాలనుకున్నాను. ఆ ముగ్గురిలో లెక్కల్లో తప్పిన ఒక అమ్మాయి మెమో తీసుకోవడానికి కూడా రాలేదు. జూన్‌లో సప్లిమెంటరీ రాయలేదు. ఇంటికి వెళ్ళి నచ్చజెప్పి వచ్చాను, వినలేదు, పిల్ల మొండిదనుకున్నాను. లైప్‌జిగ్‌లో ఆవిడ కేకు మాట అన్నప్పుడు నాకు గుర్తొచ్చింది ఈ పిల్లే.

ఏప్రిల్‌లో వెతుక్కుంటూ వెళ్ళాను. ఒక టైలరింగ్ షాపులో జాకెట్లు కుడుతోంది. ఆ రోజు నేను చేసింది తప్పమ్మా అన్నాను. మిషన్ ఆపింది. "మీరు గ్రూపులో పెట్టేటప్పటికి నేను ఇంకా రిజల్ట్ చూసుకోలేదు మేడమ్. మా మామయ్య ఫోన్ చేసి చెప్పిండు. అందరికీ తెలిసినంక నాకు తెలిసింది" అంది. ఆరేళ్ళు ఆ మాట లోపల పెట్టుకుంది. నాకు గొంతు పెగల్లేదు.

ఓపెన్ స్కూల్లో పది పూర్తి చెయ్యమని అడిగాను. వారం ఆలోచించుకుని సరేనంది. ఫీజు కట్టే రోజు ఇద్దరం కూర్చుని అప్లికేషన్ నింపుతుంటే మొబైల్ నంబరు గడి దగ్గర ఆగింది. "మీ నంబర్ ఇద్దామా మేడమ్? మెసేజ్ వస్తే మీరైతే చూస్తారు" అంది.

"వద్దమ్మా, నీదే రాయి" అన్నాను.