డార్క్ రీడర్ పెట్టాక పేజీలు నెమ్మదించడం, ఫొటోల రంగులు తిరగబడటం

వెబ్ పేజీలను నల్లటి రంగుల్లోకి మార్చే బ్రౌజర్ యాడ్-ఆన్ (అదనంగా జోడించే చిన్న ప్రోగ్రామ్) డార్క్ రీడర్ పెట్టినప్పటి నుంచి పేజీలు జారట్లేదు, కొన్ని సైట్లలో ఫొటోలు నెగెటివ్‌లా కనిపిస్తున్నాయి అన్నారు. ఈ రెండు లక్షణాలూ కలిసి వస్తే ముందు అనుమానించాల్సింది అందులోని, రంగుల్ని ఏ పద్ధతిలో మార్చాలో చెప్పే థీమ్ జనరేషన్ మోడ్‌నే.

టూల్‌బార్‌లో దాని ఐకాన్ నొక్కి చూడండి. మోడ్ ‘ఫిల్టర్’ లేదా ‘ఫిల్టర్ ప్లస్’ అని ఉంటే ‘డైనమిక్’కి మార్చండి. ఫిల్టర్ మొత్తం పేజీ రంగుల్ని తిప్పేసి (తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా), ఫొటోల్ని మళ్లీ వెనక్కి తిప్పుతుంది. బ్యాక్‌గ్రౌండ్‌గా పెట్టిన కొన్ని బొమ్మలు ఆ రెండో తిప్పుడు తప్పించుకుంటాయి, అందుకే నెగెటివ్‌లా మిగులుతాయి. పొడవాటి పేజీల్లో ఆ భారం గ్రాఫిక్స్ మీద పడి స్క్రోలింగ్ తడబడుతుంది. డైనమిక్ అయితే సైటు స్టైల్ నియమాలు చదివి రంగుల్ని ఒక్కొక్కటిగా మారుస్తుంది. భారీ సైట్లలో అదీ బరువే, అక్కడ ‘స్టాటిక్’ తేలిక, కానీ అందం తగ్గుతుంది.

మార్చినా రంగులు తేడాగానే ఉంటే, ఇంకో డార్క్ యాడ్-ఆన్ గానీ, బ్రౌజర్ సొంత బలవంతపు డార్క్ మోడ్ గానీ ఆన్‌లో ఉందేమో చూసి ఆపేయండి. రెండూ కలిస్తే ఏ రంగు ఎటు పోతుందో చెప్పలేం.

సొంత డార్క్ థీమ్ ఉన్న సైట్లలో డార్క్ రీడర్‌ని అసలు వాడకండి, ఆల్ట్+షిఫ్ట్+ఎ నొక్కితే ఆ ఒక్క సైటుకే ఆగుతుంది. బ్రౌజర్ సెట్టింగ్స్, యాడ్-ఆన్ల స్టోర్ పేజీలు తెల్లగానే ఉంటే కంగారొద్దు. భద్రత కోసం అక్కడ యాడ్-ఆన్లను బ్రౌజరే రానివ్వదు.