అమ్మాయి భాషాశాస్త్రం చదువుతానంటోంది, ఏం చేయమంటారు?

ప్రశ్న: మాది కావలి. నేను ఉన్నత పాఠశాలలో గణితం చెబుతాను. మా అమ్మాయి నెల్లూరులో బి.ఎస్సీ. కంప్యూటర్స్ చివరి సంవత్సరంలో ఉంది. ఎం.సి.ఏ. చేస్తుందనుకుంటే, భాషాశాస్త్రంలో ఎం.ఏ. చేసి ద్రావిడ భాషల చరిత్ర మీద పరిశోధన చేస్తానంటోంది. వాళ్ల అమ్మమ్మది తడ దగ్గర పల్లె. ఇంట్లో సగం తమిళం, సగం తెలుగు. ఆమె నోట వచ్చే మాటలన్నీ మా అమ్మాయి ఒక నోటుపుస్తకంలో రాసుకుంటుంది. ఒక పేజీ ఫొటో పంపుతున్నాను. మన భాషలన్నీ సంస్కృతం నుంచి వచ్చినవే కదా, కొత్తగా కనిపెట్టడానికి ఏముంది? ఈ చదువుతో భుక్తి గడుస్తుందా?

జవాబు: ముందు ఆ పేజీ సంగతి చెప్పనివ్వండి, ఎందుకంటే మీ ప్రశ్నకు సగం జవాబు అందులోనే ఉంది. మీ అమ్మాయి ఎడమ వైపు తమిళ మాటలు, కుడి వైపు తెలుగు మాటలు రాసింది: ఉరల్–రోలు, ఇరండు–రెండు, ఉళ్–లో. పక్కన పెన్సిలుతో ‘మొదటి అచ్చు వెనక్కి జరుగుతోందా?’ అని ప్రశ్న వేసుకుంది. ఎవరూ చెప్పకుండా ఆమె పట్టుకున్న ఈ మార్పును భాషాశాస్త్రంలో వర్ణవ్యత్యయం అంటారు. ఉరల్ అనే రూపంలో మొదటి ఉకారం రేఫను దాటి వెనక ఉన్న అకారంతో కలిసి ఓకారమైంది. దాంతో మాట రోలు అయింది. ఇరండులోని ఇకారం, అకారం అదే తీరున కలిసి ఎకారమై రెండు వచ్చింది. మీరు గణితం చెప్పేవారు కనుక ఇందులోని ఆకర్షణ మీకు తెలియనిది కాదు: ఒక సూత్రం పదుల కొద్దీ మాటలకు ఒకే విధంగా వర్తిస్తే, అది యాదృచ్ఛికమని కొట్టివేయలేము.

ఇక సంస్కృతం మాట. సంస్కృత పదాలు తెలుగులోకి వేల సంఖ్యలో వచ్చిన మాట నిజమే, కాని అరువు వేరు, పుట్టుక వేరు. కన్ను, చేయి, కాలు, తిను, వచ్చు వంటి నిత్యవ్యవహార పదాలూ, క్రియలు నడిచే తీరూ సంస్కృతానివి కావు. మద్రాసులో కలెక్టరుగా పనిచేసిన ఎల్లిస్ ఈ సంగతిని 1816లో, క్యాంబెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటలో, తెలుగు, తమిళ, కన్నడ ధాతువులను పక్కపక్కన పెట్టి చూపించాడు. 1856లో మిషనరీ కాల్డ్వెల్ ఈ భాషలను పోల్చి రాసిన తులనాత్మక వ్యాకరణం వెలువడిన తరువాత ద్రావిడ భాషాకుటుంబం అన్న పేరు స్థిరపడింది.

ఈ పొరపాటు దిద్దుకున్నవారిలో చాలామంది మరో పొరపాటులో పడతారు. తెలుగు తమిళం నుంచి పుట్టిందంటారు. అదీ కాదు. రెండూ ఒకే మూలభాష నుంచి వేర్వేరు శాఖలుగా చీలినవి. తమిళం, మలయాళం, కన్నడం, తుళు దక్షిణ శాఖలో ఉండగా, తెలుగుకు దగ్గరి చుట్టాలు గోండి, కొండ, కుయి, కువి. ఇంకొంచెం దూరపు బంధువులైన కోలామి, పర్జీ మధ్య శాఖకు చెందుతాయి. కుడుఖ్, మాల్తో, ఎక్కడో బలూచిస్తాన్‌లో మాట్లాడే బ్రాహుయీ ఉత్తర శాఖకు చెందుతాయి. మొత్తం పాతికకు పైగా భాషలు.

పైపై పోలికలు ఎంత మోసం చేస్తాయో ఒక మాటతో చెబుతాను. తమిళంలోనూ చెవి, మనకూ చెవి, కన్నడంలో మాత్రం కివి. దీన్ని చూసి తెలుగు తమిళానికే దగ్గరని ఎవరైనా అనుకుంటారు. కాని మన దగ్గరి చుట్టమైన గోండిలో ఆ మాట కకారంతోనే ఉంది. అంటే ‘క’ ‘చ’గా మారడం తమిళంలో ఒకసారి, తెలుగులో మరొకసారి విడివిడిగా జరిగిందన్నమాట. తమిళుల ‘కై’ మన దగ్గర ‘చేయి’ అయింది గాని తమిళంలో మారకుండా నిలవడం కూడా ఈ రెండు మార్పులూ ఒకటి కావని చెబుతుంది.

ఈ చిక్కులను విప్పినవారిలో అగ్రగణ్యులు భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1928లో ఒంగోలులోనే పుట్టారు. తెలుగు ధాతువుల మీద ఆయన పరిశోధన 1961లో, ద్రావిడ భాషలన్నిటి మీదా రాసిన గ్రంథం 2003లో వెలువడ్డాయి. రైతులు, నేతపనివారు వాడే మాటలను ఊరూరా సేకరించి మాండలిక వృత్తిపదకోశాలకు శ్రీకారం చుట్టిందీ ఆయనే. ఆయన తరువాత కనిపెట్టడానికి ఏమీ మిగలలేదనుకోకండి. మీ జిల్లాలోనే ఎరుకలవారి భాష ఉంది. అది తెలుగు నడుమ బతుకుతున్నా తమిళం ఉన్న దక్షిణ శాఖకు చెందింది. ఆ ఇళ్లలో పిల్లలు తెలుగుకు మారిపోయే కొద్దీ, రికార్డు చేసుకోవలసిన పని వెనకబడిపోతోంది.

భుక్తి విషయంలో మిమ్మల్ని మభ్యపెట్టను. మన డిగ్రీ కళాశాలల్లో భాషాశాస్త్రం ప్రత్యేక సబ్జెక్టుగా సాధారణంగా ఉండదు కనుక, ఎం.ఏ. కాగానే లెక్చరర్ ఉద్యోగం దొరుకుతుందన్న ఆశ పెట్టుకోవద్దు. యు.జి.సి. నెట్‌లో భాషాశాస్త్రం ఒక సబ్జెక్టుగా ఉంది, అందులో జె.ఆర్.ఎఫ్. (పరిశోధకులకిచ్చే జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) సాధిస్తే పరిశోధనలో మొదటి రెండేళ్లు నెలకు 37,000 రూపాయలు, ఆ తరువాత 42,000 రూపాయలు వస్తాయి. అది రాకపోతే పరిశోధన కాలం ఇంటి మీద భారమవుతుంది, ఆ లెక్క ఇప్పుడే వేసుకోండి.

అయితే మీ అమ్మాయి చేతిలో తెలుగు ఎం.ఏ. విద్యార్థులకు సాధారణంగా లేని ఆయుధం ఒకటి ఉంది, అది కంప్యూటర్. ద్రావిడ భాషలు విడిపోవడం సుమారు 4,500 సంవత్సరాల క్రితం మొదలైందని 2018లో అంచనా కట్టినవారు, జీవశాస్త్రంలో జాతుల వంశవృక్షాలు గీయడానికి వాడే గణన పద్ధతులనే పదజాలానికి వర్తింపజేశారు. యంత్రానువాదం, మాటను రాతగా మార్చే సాఫ్ట్‌వేర్, భారతీయ భాషల అనువాదం కోసం కేంద్ర ప్రభుత్వం నడిపే భాషిణి కార్యక్రమం వంటి వాటన్నిటికీ, సంధి విడదీయడమూ ప్రోగ్రాం రాయడమూ రెండూ తెలిసినవారు కావాలి. కాబట్టి ఎం.ఏ.లో చేరినా పైథాన్, సంఖ్యాశాస్త్రం వదలకూడదని షరతు పెట్టండి. ఈ షరతు విషయంలో నేను మీ వైపే.

చేరదగిన చోట్లు: హైదరాబాద్ విశ్వవిద్యాలయానికి సి.యు.ఇ.టి. పి.జి. ప్రవేశ పరీక్ష ద్వారా, ఉస్మానియాకు సి.పి.జి.ఇ.టి. ప్రవేశ పరీక్ష ద్వారా ప్రవేశాలు జరుగుతాయి. కుప్పంలో ద్రావిడ విశ్వవిద్యాలయం, పుణెలో డెక్కన్ కాలేజీ కూడా ఉన్నాయి. హైదరాబాద్ ట్రిపుల్ ఐటీలో భాషాసాంకేతికత పరిశోధన కేంద్రం, మైసూరులో 1969లో ఏర్పడిన భారతీయ భాషల కేంద్ర సంస్థ తరువాతి మెట్లు. సి.యు.ఇ.టి. దరఖాస్తు గడువు డిగ్రీ చివరి పరీక్షలకు ముందే ముగిసిపోతుంది. ఈ సంగతి తెలియక ఏడాది పోగొట్టుకున్నవారిని చూశాను. మీకు దగ్గరలో వెంకటాచలంలో ప్రాచీన తెలుగు విశిష్ట అధ్యయన కేంద్రం ఉంది. ఒక సెలవు రోజు చూసుకుని కాకుండా, పనిదినాన అమ్మాయిని తీసుకువెళ్లి అక్కడివారితో మాట్లాడించండి.

నిర్ణయానికి ముందు ఒక పరీక్ష పెట్టుకోమనండి. కవిత్వం మీద ఇష్టంతో ఈ చదువులో చేరి, ధ్వనులూ పట్టికలూ చూసి మొదటి సెమిస్టరులోనే వెనుదిరిగిన అమ్మాయి ఒకరు నాకు తెలుసు, అందుకే చెబుతున్నాను. వాళ్ల అమ్మమ్మ అనుమతి తీసుకుని, నూరు మౌలిక పదాలను ఆమె గొంతులో రికార్డు చేసి, అంతర్జాతీయ ధ్వని లిపిలో రాయాలి. విసుగు పుడితే అది మంచి సమాచారమే. తరువాత నా తరఫున ఒక ప్రశ్న అడగండి: తమిళుల అవన్ మనకు వాడు, ఇవన్ మనకు వీడు. ఇరండు రెండైన లెక్కన ఇకారం, అకారం కలిసినప్పుడు ‘వేడు’ రావాలి కదా, ‘వీడు’ ఎందుకు వచ్చింది?

ఆమె వెంటనే జవాబు చెప్పాలని కాదు. ఆ ప్రశ్న వారం రోజుల తరువాత కూడా నోటుపుస్తకంలో కనబడుతుందా అని చూడండి. ఈలోగా ఎం.సి.ఏ. కోసం ఐసెట్ కూడా రాయనివ్వండి. రెండు చోట్లా సీటు వస్తే, ఆ పుస్తకం పేజీలు ఎంతవరకు నిండాయో తెరిచి చూసుకుని ఇద్దరూ కూర్చుని మాట్లాడుకోండి.