వాకబుకి వచ్చిన పెద్దాయన

చిరంజీవి మేనకోడలికి మావయ్య ఆశీస్సులు.

నువ్వు రాసిన కథ అందింది. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కి నర్సాపురం కాలేజీకి వెళ్లే ఆ ఇద్దరూ నాకు బాగా నచ్చారు. టికెట్ చిల్లర ఆమె చేతిలో పెట్టేటప్పుడు అతని వేళ్లు తడబడటం ఒక్కటి చాలు, ప్రేమ అన్న మాటే అక్కర్లేదు. ఇబ్బందల్లా ముగింపుతోనే. ఆమెని చేసుకోబోయే పెళ్లికొడుకు తన స్నేహితుడేనని పందిట్లోకి వెళ్లేదాకా అతనికి తెలియదన్నావు. అది కాకతాళీయం, అంతే. ఐరనీ పండాలంటే అతను ప్రేమకొద్దీ చేసిన పనే అతని కొంప ముంచాలమ్మా.

మనవైపు సంబంధం ఖాయం చేసుకునే ముందు వాకబు చేస్తారు కదా, దాన్ని వాడుకో. శ్రావణమాసం. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక ఇచ్చారు, రేవులో పంటు ఆపేశారు. (నువ్వేమో అలాంటి వరదలో పెళ్లివారిని పంటు మీద దాటించావు. మన ఊళ్లవాళ్లు నమ్మరు, చించినాడ వంతెన మీదుగా చుట్టూ తిరిగి రావాల్సిందే.) అవతలి ఒడ్డుకి వెళ్లలేక టీకొట్టు దగ్గర చిక్కుకున్న ఓ పెద్దాయన మన కుర్రాణ్ణి మాటల్లో పెడతాడు. "ఫలానా వారమ్మాయి ఎలాంటిది బాబూ?" అంటాడు. ఇక వీడు ఆగడు. ఆమె చదువు, ఓర్పు, ఇంట్లోవాళ్లని చూసుకునే తీరు, అడగనివి కూడా చెప్పేస్తాడు. పెద్దాయన జేబులోంచి నాలుగు మూలలా పసుపు రాసిన కాగితం అంచు కనబడుతుంటుంది. పాఠకుడు దాన్ని గుర్తుపట్టాలి. వీడు మాత్రం ఎవరో దూరపు చుట్టం అనుకోవాలి. ఈ సీను నిదానంగా రాయి, తొందరపడకు. కథంతా ఇక్కడే ఉంది.

తర్వాత మాఘమాసంలో పెళ్లి. కుర్రాడు బంతిలో నెయ్యి వడ్డిస్తుంటాడు. పెళ్లికూతురి తండ్రి భుజం తట్టి, "నువ్వు చెప్పిన నాలుగు మంచి మాటల వల్లేరా ఈ సంబంధం కుదిరింది" అంటాడు, మనస్ఫూర్తిగా. ఆ సంగతి ఆమెకీ ఎప్పుడో తెలిసే ఉంటుంది. ఇష్టం ఉన్నవాడైతే పెళ్లివారికి అలా చెప్పి పంపుతాడా అని ఆమె అనుకునే ఉంటుంది. ఇది మాత్రం రాయకు. అంతకుముందు ఒకరోజు పంటు మీద ఆమె అతని పక్కన కాకుండా ఆడవాళ్ల దగ్గరికి వెళ్లి నిలబడిందని ఒక్క ముక్క రాస్తే చాలు.

"విధి ఎంత విచిత్రమైనది" అన్న వాక్యం కొట్టెయ్. పెళ్లికొడుకుని తాగుబోతుగా చూపించావు, అదీ వద్దు. అతను మంచివాడైతేనే మనవాడికి తిట్టుకోవడానికి ఎవరూ మిగలరు. కథని కుర్రాడి చేత "నేను" అని కూడా చెప్పించకు. జరిగిందంతా తెలిసినవాడు ఆ టీకొట్టు దగ్గర అంత అమాయకంగా మాట్లాడలేడు.

ఆషాఢంలో పెళ్లి మాటలు ఉండవులే అని అతను ధీమాగా తిరిగే పేరా బాగుంది, దాన్ని ముట్టుకోకు. తిరగరాసి పంపు, చదవాలని ఉంది.

నీ మావయ్య